పాత ఎఫ్-150 కొన్నారా? అన్నీ ఒకేసారి విప్పకండి

నా 1993 ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు ఎనిమిది నెలలు గరాజులో స్టాండుల మీద కూర్చుంది. తప్పు ఇంజిన్‌ది కాదు, తుప్పుది కాదు, నాది. కొన్న వారానికే ముందు బ్రేకులు విప్పాను, తర్వాతి శనివారం రేడియేటర్ తీశాను, మధ్యలో కార్పెట్ కంపు కొడుతోందని సీటు కూడా పీకేశాను, బోల్టులన్నీ ఒకటే కాఫీ డబ్బాలో పడేశాను. ఆ ఎండాకాలమంతా మా ఆవిడ కారు బయట డల్లస్ ఎండలో ఉడికింది. ఇప్పటికీ ఆ డబ్బాలో మూడు బోల్టులు మిగిలే ఉన్నాయి, అవి దేనివో నాకు తెలియదు, బండి మాత్రం నడుస్తోంది.

అందుకే పాత పికప్ కొని సరదాగా పని నేర్చుకుంటానని అడిగినవాళ్లకి నేను చెప్పే మాట ఒకటే. ఒక పని విప్పారంటే అది బిగించి, బండిని రోడ్డెక్కించి ఓ పది మైళ్లు తిప్పి వచ్చాకే రెండో పని ముట్టుకోండి. ముందు ఆగడం, తర్వాత పెట్రోలు, కూలింగ్, ఇగ్నిషన్, ఆ తర్వాతే సోకులు.

ఏ బండి కొనాలి అంటే, మొదటిసారి చేతులు మురికి చేసుకునేవాళ్లకి నా ఓటు 1987 నుంచి 1996 మధ్య వచ్చిన ఎఫ్-150కి, అందులోనూ 4.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్‌కి. క్యూబిక్ అంగుళాల లెక్కలో 300 కాబట్టి ఇక్కడ అందరూ త్రీ హండ్రెడ్ అనే అంటారు. 1965లో మొదలైన ఇంజిన్ 1996 దాకా ఫోర్డ్ ట్రక్కుల్లో వస్తూనే ఉంది. ఆరు సిలిండర్లూ ఒకే వరుసలో ఉంటాయి, క్రాంక్‌కి ఏడు మెయిన్ బేరింగులు, టైమింగ్ బెల్టూ లేదు, చైనూ లేదు, గేరుకి గేరే కరుచుకుని తిరుగుతుంది. పవర్ 150 హార్స్‌పవర్‌కి అటూఇటూ, హైవే మీద పక్కవాణ్ణి దాటేద్దామంటే కుదరదు, కానీ టార్క్ 2000 ఆర్‌పీఎం దగ్గరే వచ్చేస్తుంది కాబట్టి లోడు వేస్తే ట్రాక్టర్‌లా లాగుతుంది. అన్నిటికన్నా నాకు నచ్చింది, హుడ్ ఎత్తితే లోపల చోటుంటుంది. ఇప్పటి కార్లలో ఒక ప్లగ్గు మార్చాలంటే చెయ్యి నాలుగు వంకర్లు తిప్పాలి, ఇక్కడ ఫెండర్ మీద తుండుగుడ్డ వేసుకుని కూర్చుని మరీ పని చేసుకోవచ్చు.

కొనేటప్పుడు బండి కన్నా ముందు టైటిల్, అంటే బండి యాజమాన్య పత్రం, చూడండి. ధర తక్కువ, రంగు బాగుంది, అమ్మే ఆయన మంచాయన, ఇవన్నీ తర్వాత. టైటిల్ మీద ఉన్న పేరూ అమ్ముతున్న మనిషి డ్రైవింగ్ లైసెన్సులో పేరూ ఒకటేనా, బండి మీద తీరని బ్యాంకు అప్పు (లీన్) ఏమైనా ఉందా, టైటిల్ మీద విన్ అనే బండి గుర్తింపు నంబరూ డాష్‌బోర్డు మీద నంబరూ తలుపు స్టిక్కర్ మీద నంబరూ కలుస్తున్నాయా అని చూసుకోవాలి. ఎవరో సంతకం చేసి కొనేవాడి పేరు ఖాళీగా వదిలేసిన టైటిల్ చేతిలో పెడితే నమస్కారం పెట్టి వచ్చేయండి. టెక్సాస్‌లో అయితే కొన్న 30 రోజుల్లోపు కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో 130-యు ఫారం ఇచ్చి పేరు మార్పించుకోవాలి, సేల్స్ ట్యాక్స్ 6.25 శాతం. డల్లస్ చుట్టుపక్కల కౌంటీల్లో పొగ పరీక్ష ఇప్పటికీ ఉంది గానీ అది 24 ఏళ్ల లోపు బండ్లకే, ఈ ట్రక్కులకి ఆ టెన్షన్ లేదు. మీది వేరే రాష్ట్రమైతే, ముఖ్యంగా కాలిఫోర్నియా అయితే, కొనకముందే అక్కడి రూలు చదువుకోండి.

విన్‌లో ఎనిమిదో అక్షరం ఇంజిన్ చెబుతుంది. వై ఉంటే మన 4.9, ఎన్ ఉంటే 5.0 వీ8, హెచ్ ఉంటే 5.8. పదో అక్షరం మోడల్ సంవత్సరం. తలుపు స్టిక్కర్ మీద యాక్సిల్ కోడ్ కూడా ఉంటుంది, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, దాని పని చివర్లో పడుతుంది.

ఇక తుప్పు. ఉత్తరాది రాష్ట్రాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, అక్కడి నుంచి వచ్చిన బండి పైకి నిగనిగలాడుతూ కింద జల్లెడలా ఉండొచ్చు. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం ఒకటి జేబులో వేసుకుని వెళ్లండి. క్యాబ్ వెనక మూలలు, తలుపుల కింద రాకర్లు, వెనక చక్రాల పైన ఆర్చీలు, ఈ మూడు చోట్ల అయస్కాంతం అంటుకోకపోతే లోపల ఇనుము బదులు పుట్టీ ఉందన్నమాట. అది అందం సమస్య, భరించొచ్చు. భరించలేనిది కింద ఉంటుంది: ఛాసిస్ పట్టాలు, వెనక స్ప్రింగు కట్టల్ని పట్టుకునే హ్యాంగర్లు, షాకిల్స్, ముందు రేడియేటర్ మోసే సపోర్టు. స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. ఖంగుమంటే మంచిది, డబ్ అని మెత్తగా పలికితే, పొరలు పొరలుగా రాలితే, అక్కడితో బేరం ఆపేయండి. ఇంజిన్ పోయిన బండి కొనొచ్చు, ఛాసిస్ పోయిన బండి ఉచితంగా ఇచ్చినా తీసుకోకూడదు.

పనిముట్ల మీద ఎక్కువ రాయను. అరంగుళం, మూడెనిమిదో వంతు సాకెట్ సెట్లు, మెట్రిక్కూ అంగుళాలూ రెండూ కావాలి, ఎందుకంటే ఈ తరం బండ్లలో రెండు రకాల బోల్టులూ కలిసి ఉంటాయి. ఒక టార్క్ రెంచ్, ఒక మల్టీమీటర్, పెనెట్రేటింగ్ ఆయిల్, ఫ్యాక్టరీ సర్వీస్ మాన్యువల్ పాత కాపీ. జాకీ మాత్రం ఎత్తడానికే, మోయడానికి కాదు. మంచి స్టాండులు నాలుగు కొనండి, చక్రాలకి అడ్డం పెట్టండి, స్టాండు మీద దించాక బండిని చేత్తో గట్టిగా ఊపి చూసి అప్పుడు కిందకి దూరండి. కారు జాకీ మీద నమ్మకంతో కిందకి దూరడం అంటే పాము పడగ కింద కునుకు తీయడమే.

విజయవాడ ఆటోనగర్‌లో మా మామయ్య షెడ్డులో చిన్నప్పుడు చూసిన పద్ధతి ఒకటుంది, నాకు అది ఎనిమిది నెలలు ఆలస్యంగా గుర్తొచ్చింది. అట్టముక్క మీద పెన్నుతో ఆ భాగం బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడి నుంచి వచ్చిందో బొమ్మ మీద అక్కడే గుచ్చేవాడు. పొడుగుదీ పొట్టిదీ తారుమారు కావు. ఫోన్ ఫొటోలు తీయండి, వద్దనను, కానీ అట్ట బోల్టుని పట్టుకుని ఉంటుంది, ఫొటో పట్టుకోదు.

మొదటి పని బ్రేకులు. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. డిస్కులు ఎవరైనా చేసేస్తారు, భయపెట్టేది డ్రమ్ము. డ్రమ్ము లోపల స్ప్రింగులు, కేబుల్, అడ్జస్టరు, అన్నీ ఒకదానికొకటి చిక్కుకుని ఉంటాయి కాబట్టి రెండు పక్కలా చక్రాలు తీయండి, కానీ ఒక పక్క మాత్రమే విప్పండి, తికమకైతే లేచి వెళ్లి రెండో పక్క చూసుకోవచ్చు. బ్రేకు బూట్లు (షూలు) రెండూ ఒకేలా కనిపిస్తాయి గానీ కావు, లైనింగ్ పొడుగ్గా ఉన్నది వెనక వైపు, పొట్టిది ముందు వైపు. అడ్జస్టర్లు కూడా కుడిదీ ఎడమదీ వేరు, మరలు వ్యతిరేక దిక్కుల్లో ఉంటాయి, మార్చి పెడితే బ్రేకు అరిగేకొద్దీ బిగియాల్సింది వదులవుతుంది. లోపలి దుమ్ముని నోటితోనో కంప్రెసర్‌తోనో ఊదకండి, పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, బ్రేక్ క్లీనర్ కొట్టి తడిపి కింద ట్రేలోకి కడిగేయండి. చక్రం సిలిండర్ల రబ్బరు తొడుగు కొద్దిగా ఎత్తి చూసి లోపల తడి కనిపిస్తే సిలిండరే మార్చేయండి, అదేమంత ఖరీదైంది కాదు.

రబ్బరు గొట్టాలు పాతికేళ్లు దాటినవైతే బాగున్నట్టు కనిపించినా మార్చాలి, అవి లోపలి నుంచి వాచి మూసుకుపోతాయి, బ్రేకు పట్టి వదలదు. ఇనుప పైపుల నట్లకి మామూలు స్పానర్ వేస్తే మూలలు గుండ్రమైపోతాయి, ఫ్లేర్ నట్ రెంచ్ వాడండి. బ్రేకు లైన్లలోంచి గాలి తీసేటప్పుడు కుడి వెనక, ఎడమ వెనక, కుడి ముందు, ఎడమ ముందు, ఈ వరుస. ఫ్లూయిడ్ డాట్ 3. పెడల్ తొక్కడానికి ఇంట్లోవాళ్లని పిలుస్తారు కదా, "తొక్కు", "పట్టుకో", "వదులు" అనే మూడు మాటలు ముందే మాట్లాడుకోండి. నేను కింద నుంచి "ఓకే" అన్నాను, మా అబ్బాయి వదిలేశాడు, గాలి మళ్లీ లోపలికి, ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోలేదు. చక్రం నట్లు 100 ఫుట్-పౌండ్లకి, నక్షత్రం ఆకారంలో ఒకటి విడిచి ఒకటి బిగించండి, ఓ యాభై మైళ్లు తిరిగాక ఇంకోసారి చూడండి.

తర్వాత పెట్రోలు. ఈ ట్రక్కుల్లో చాలావాటికి రెండు ట్యాంకులు, డాష్‌బోర్డు మీద మీటతో మార్చుకోవాలి. 1987 నుంచి 1989 దాకా ట్యాంకులో చిన్న పంపు, ఛాసిస్ మీద పెద్ద పంపు ఉంటాయి, 1990 నుంచి ట్యాంకులో ఒక్కటే. ఆ 1990 తర్వాత వాటిలో వయసు మీద పడ్డాక వచ్చే జబ్బు ఒకటుంది: వెనక ట్యాంకు మీద నడుపుతుంటే ముందు ట్యాంకు ముల్లు పైకి లేస్తుంది. ఇంజిన్ నుంచి తిరిగి వచ్చే పెట్రోలు తప్పు ట్యాంకులోకి పోతోందన్నమాట, పంపు కూర్చున్న మాడ్యూల్‌లో వాల్వు పాడై ఉంటుంది. పట్టించుకోకపోతే నిండిన ట్యాంకు పొంగి మూత దగ్గర కారుతుంది. మాడ్యూల్ మార్చేదాకా ఆ రెండో ట్యాంకు నింపకండి.

పంపు మార్చాలంటే అందరూ ట్యాంకు కిందకి దించమంటారు. నేనైతే బెడ్, అంటే వెనక సామాను వేసే తొట్టి, ఎత్తేస్తాను. ఆరో ఎనిమిదో బోల్టులు, మూత దగ్గర గొట్టం స్క్రూలు, ఒక ఎర్త్ తీగ, వెనక లైట్ల కనెక్టర్, అంతే. నలుగురు స్నేహితుల్ని బిర్యానీకి పిలిస్తే బెడ్ లేచి పక్కకి వస్తుంది, పంపులు పైనుంచి చేతికి అందుతాయి, ఎప్పుడూ కనిపించని ఛాసిస్ వెనక భాగం శుభ్రం చేసి రంగు వేసే అవకాశమూ దొరుకుతుంది. బోల్టులకి రెండు రోజుల ముందు నుంచే పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టండి. పెట్రోలు లైను విప్పేముందు ప్రెషర్ దించాలి: పాసింజర్ కాళ్ల దగ్గర, బండి గుద్దుకుంటే పెట్రోలు పంపుని ఆపేసే ఇనర్షియా స్విచ్ ఉంటుంది, దాని కనెక్టర్ పీకి ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడపండి, ఆ తర్వాత బ్యాటరీ తీగ తీసేయండి. గరాజులో వాటర్ హీటర్ ఉంటే ఈ పని బయట చేయండి, గ్యాసు మంట పక్కన పెట్రోలు పని వద్దు.

మా కమ్యూనిటీ అసోసియేషన్ వాళ్లు బెడ్ లేని ట్రక్కు డ్రైవ్‌వేలో ఉందని ఉత్తరం పంపారు. శుక్రవారం రాత్రి మొదలెట్టి ఆదివారం సాయంత్రానికి బిగించేసేలా ప్లాన్ చేసుకోండి.

కూలింగ్ తేలిక, త్వరగా చెప్పేస్తాను. రేడియేటర్ గొట్టాలు, హీటర్ గొట్టాలు, థర్మోస్టాట్, నీళ్ల పంపు, బెల్టు, ఇవి ఎప్పుడు మార్చారో తెలియకపోతే మార్చలేదనే అనుకోవాలి. ఇంజిన్ వేడిగా ఉండగా మూత తీయకండి. ఫ్యాన్ క్లచ్‌ని ఇంజిన్ ఆపి చేత్తో తిప్పి చూడండి, బొంగరంలా తిరిగిపోతుంటే దాని పని అయిపోయింది, టెక్సాస్ ఆగస్టులో ట్రాఫిక్‌లో నిలబడితే వేడి చూపే ముల్లు ఎక్కుతుంది. పాత కూలెంట్ కింద పారబోయకండి, తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకితే చచ్చిపోతాయి. అదే వారం ఇంజిన్ ఆయిల్ కూడా మార్చేయండి, ఫిల్టర్‌తో కలిపి 6 క్వార్టులు పడుతుంది, పాత ఆయిల్‌ని చాలా ఆటో పార్ట్స్ షాపుల్లో ఊరికే తీసుకుంటారు.

ఇగ్నిషన్ దగ్గర డబ్బు తగలేసేవాళ్లు ఎక్కువ. బండి పొద్దున బాగానే స్టార్ట్ అవుతుంది, అరగంట తిరిగాక సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది, ఇరవై నిమిషాలు చల్లారాక ఏమీ జరగనట్టు మళ్లీ నడుస్తుంది. పంపు మార్చి, ఫిల్టర్ మార్చి, కాయిల్ మార్చి విసిగిపోయాక తెలుస్తుంది, చాలాసార్లు అది టీఎఫ్ఐ మాడ్యూల్, ప్లగ్గులకి నిప్పురవ్వ ఇప్పించే ఎలక్ట్రానిక్ పెట్టె. పాత వాటిలో ఇది డిస్ట్రిబ్యూటర్‌కే అతుక్కుని ఇంజిన్ వేడికి మాడుతూ ఉంటుంది. రెండు చిన్న స్క్రూలే, కానీ వాటికి 5.5 మిల్లీమీటర్ల సన్నటి లోతు సాకెట్ కావాలి. కొత్తది పెట్టేటప్పుడు వెనక హీట్ సింక్ పేస్టు రాయడం మర్చిపోవద్దు, ప్లగ్గు తీగలకి రాసే డైఎలెక్ట్రిక్ గ్రీజు కాదు, కంప్యూటర్ ప్రాసెసర్‌కి రాస్తామే ఆ రకం. మనలో సగం మందికి అది ఇంట్లోనే ఉంటుంది.

పార్టులు కొనేముందు బండినే అడగండి. 1995 దాకా ఇవి ఓబీడీ-2 అనే ఇప్పటి తప్పుల కోడ్ పద్ధతి కన్నా ముందువి, మీ దగ్గరున్న బ్లూటూత్ స్కానర్ పనికిరాదు, ఆ డబ్బు కూడా అక్కర్లేదు. హుడ్ కింద ఆరు కాళ్ల టెస్ట్ కనెక్టర్, దాని పక్కన ఒంటరి తీగ కనెక్టర్ ఉంటాయి. మాన్యువల్ బొమ్మ చూసి సరైన కాలుని ఆ ఒంటరి తీగతో ఒక చిన్న వైరుతో కలిపి, ఇంజిన్ బాగా వేడెక్కి ఆగిన తర్వాత తాళం ఆన్ చేస్తే చెక్ ఇంజిన్ లైటు మినుకుమినుకుమంటూ కోడ్ చెబుతుంది. 1991 నుంచి మూడంకెలు, అంతకుముందు రెండే. 111 గానీ 11 గానీ వస్తే అప్పటికి తప్పేమీ లేదని అర్థం. మొదట ఇప్పుడున్న తప్పులు, తర్వాత ఒక్కసారి వెలిగి, ఆ వెనక దాచిపెట్టుకున్న పాత తప్పులు వస్తాయి, కాగితం మీద గీతలు పెట్టుకుంటూ లెక్కించండి, నేను రెండుసార్లు తప్పు లెక్కపెట్టాను.

ప్లగ్గు తీగలు ఒక్కొక్కటీ మార్చండి, అన్నీ ఒకేసారి పీకకండి. పీకేశారా, ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4. టైమింగ్ చూసేటప్పుడు డిస్ట్రిబ్యూటర్ తీగల దగ్గరున్న స్పౌట్ అనే చిన్న కనెక్టర్ తీసి 10 డిగ్రీలకి పెట్టి, మళ్లీ అది తగిలించాలి. తగిలించడం మర్చిపోతే బండి నడుస్తుంది, కానీ ఎద్దు లేచినట్టు లేస్తుంది.

మాన్యువల్ గేర్‌బాక్స్ ఐదు గేర్లదైతే అది చాలావరకు మాజ్దా తయారీ ఎం5ఓడీ. దాని పైమూత వెనక మూడు రబ్బరు బిరడాలుంటాయి, అవి ఎండిపోయి ఆయిల్ చుక్కచుక్కగా కారుతుంది, ఎవరూ గమనించరు, ఒకరోజు గేర్‌బాక్స్ అరుస్తుంది. ఆ బిరడాల బదులు లోహపువి కొట్టుకోవచ్చు. దాన్లో పోయాల్సింది గేర్ ఆయిల్ కాదు, మెర్కాన్ రకం ఆటోమేటిక్ ఫ్లూయిడ్, 3.8 క్వార్టులు.

ఇప్పుడు సోకులు. నేను మొదట చేయమనేది కంటికి కనిపించని మార్పు. 1980ల చివర, 1990ల మొదట్లో వచ్చిన 2జీ (రెండో తరం) ఆల్టర్నేటర్‌కి, అంటే బ్యాటరీని ఛార్జ్ చేసే యంత్రానికి, పక్కన ప్లాస్టిక్ కనెక్టర్ ఉంటుంది, కరెంటంతా దానిగుండానే పోతుంది, పాతబడి వదులైతే కాలి కరుగుతుంది, మంట కూడా రావొచ్చు. జంక్‌యార్డుకి వెళ్లి తర్వాతి తరం 3జీ ఆల్టర్నేటర్ తెచ్చుకోండి, చిన్నది 95 ఆంపియర్లు, పెద్దది 130. దాంతోపాటు బ్యాటరీకి 4 గేజ్ కొత్త తీగ, మధ్యలో పెద్ద ఫ్యూజు తప్పనిసరి. పాత సన్న తీగ మీద కొత్త ఆల్టర్నేటర్ పెడితే ఈసారి తీగే కాలుతుంది. రెండోది హెడ్‌లైట్లకి రిలేలు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్‌లు. ఫ్యాక్టరీలో కరెంటు డాష్‌బోర్డు స్విచ్ దాకా వెళ్లి తిరిగి వస్తుంది, దారిలోనే వోల్టేజ్ కొంత నీరసపడుతుంది. బ్యాటరీ నుంచి రిలే ద్వారా నేరుగా ఇస్తే అవే పాత బల్బులు తెల్లగా వెలుగుతాయి. పాత అద్దాల్లో చవక ఎల్ఈడీ బల్బులు పెట్టి ఎదుటివాడి కళ్లలో పొడవకండి.

పెద్ద టైర్లు అందరికీ ఇష్టమే. మామూలుగా వచ్చేది 235/75ఆర్15. ఇందాక ఫొటో తీసిన యాక్సిల్ కోడ్ ఇప్పుడు చూడండి: 19 అంటే వెనక యాక్సిల్ గేరు నిష్పత్తి 3.55, 18 అంటే 3.08. 3.08 ఉన్న ఆరు సిలిండర్ల బండికి 33 అంగుళాల టైర్లు వేస్తే ఐదో గేరు అలంకారానికే మిగులుతుంది, స్పీడోమీటర్ కూడా తక్కువ చూపిస్తుంది, పోలీసు ఆపితే ఆ సంగతి చెప్పినా వినడు. ముందు స్ప్రింగులు మార్చి ఎత్తు పెంచితే ముందు చక్రాలకి విడివిడి దూలాలున్న ట్విన్ ఐ-బీమ్ సస్పెన్షన్ వల్ల చక్రాల పైభాగం బయటికి వాలుతుంది, కొత్త బుషింగులు వేసి అలైన్‌మెంట్ చేయించకపోతే కొత్త టైర్లు వేలల్లో మైళ్లు తిరగకుండానే ఒక అంచు అరిగిపోతాయి. నాది ఇంకా మామూలు ఎత్తులోనే ఉంది. ఈ శనివారం హెడ్‌లైట్ రిలేలు, అవి వెలిగాకే సీటు కవర్ సంగతి.